ఇంట్లో లైనక్స్, ఆఫీసులో విండోస్: ఏ సింక్ సర్వీస్ పెట్టుకోవాలి?

హోస్ట్: నమస్కారం. ఆఫీసులో విండోస్ ల్యాప్‌టాప్, ఇంట్లో లైనక్స్ డెస్క్‌టాప్ వాడేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. అన్నా, నేరుగా అడిగేస్తున్నా. రెండు కంప్యూటర్లలోనూ ఒకే ఫైళ్లు ఉండేలా చూసే సింక్ సర్వీసులు చాలా ఉన్నాయి. డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, సింక్‌థింగ్... వీటిలో ఏది?

అతిథి: అందరూ ముందు ఉచితంగా ఎన్ని జీబీ వస్తుందనే చూస్తారు తమ్ముడూ. గూగుల్ 15, వన్‌డ్రైవ్ 5, డ్రాప్‌బాక్స్ 2. కానీ గూగుల్ ఇచ్చే ఆ 15లోనే జీమెయిల్, ఫొటోలు కూడా సర్దుకోవాలి. నేనైతే అంతకంటే ముందు ఒకటి చూస్తాను. నెట్ లేనప్పుడు ఒకే ఫైలును రెండు కంప్యూటర్లలోనూ మారిస్తే, తర్వాత ఏమవుతుంది?

హోస్ట్: ఒకటి పోతుందా?

అతిథి: డ్రాప్‌బాక్స్ రెండింటినీ ఉంచుతుంది. ఒకదాని పేరుకు 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అని తగిలిస్తుంది. సింక్‌థింగ్ కూడా అంతే, పేరులో 'సింక్-కాన్‌ఫ్లిక్ట్' అని తేదీతో సహా చేరుస్తుంది. ఏది ఉంచాలో మనం తేల్చుకోవాలి. వన్‌డ్రైవ్‌లో వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకైతే మార్పులను కలిపే ఏర్పాటు ఉంది.

హోస్ట్: లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ డేటాను సింక్ ఫోల్డర్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు.

అతిథి: పెట్టకండి. దయచేసి పెట్టకండి. టాలీ నడుస్తున్నంతసేపూ ఆ ఫోల్డర్‌లో ఒకదానితో ఒకటి ముడిపడిన ఫైళ్లు మారుతూనే ఉంటాయి. సింక్ యాప్‌కు ఆ ముడి తెలియదు, ఒక్కో ఫైలును విడిగా పంపేస్తుంది. అవతలికి కొన్ని కొత్తవి, కొన్ని పాతవి చేరితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ఏడాది లెక్కలన్నీ అందులోనే కదా! టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ను సింక్ ఫోల్డర్‌లో పెట్టండి. ఔట్‌లుక్ మెయిళ్లు దాచుకునే పీఎస్‌టీ ఫైళ్లకూ ఇదే జాగ్రత్త.

హోస్ట్: మరి పెద్ద ఫైళ్లు?

అతిథి: ఇక్కడ డ్రాప్‌బాక్స్ పనితనం నాకు చాలా ఇష్టం. ఫైలును 4 ఎంబీ ముక్కలుగా విడగొట్టి, మారిన ముక్కలే పంపుతుంది. 2 జీబీ ఫైల్లో ఎక్కడో చిన్న మార్పు చేస్తే మొత్తం మళ్లీ ఎక్కించక్కర్లేదు. ఒకే వైఫైలో ఉన్న కంప్యూటర్ల మధ్య నేరుగా కూడా పంపగలదు. మారిన ముక్కలే పంపే పద్ధతిని వన్‌డ్రైవ్ వర్డ్, ఎక్సెల్ లాంటి ఆఫీస్ ఫైళ్లు దాటి మిగతావాటికి తెచ్చింది 2020లో. లైనక్స్‌కు సొంత యాప్ ఇచ్చేది కూడా డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ మూడింటిలో డ్రాప్‌బాక్స్ ఒక్కటే. ఇబ్బందల్లా ఉచిత ఖాతాతోనే. 2019 నుంచి మూడు పరికరాలకే పరిమితం చేశారు. ఫోను కూడా లెక్కే.

హోస్ట్: సింక్‌థింగ్ గురించి చెప్పు అన్నా.

అతిథి: అది ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, 2013లో బయటికొచ్చింది. ఫైళ్లు ఏ కంపెనీ సర్వర్లోనూ నిల్వ ఉండవు, మన కంప్యూటర్ల మధ్యే తిరుగుతాయి. డిస్కులో ఎంత చోటుంటే అంత. కానీ రెండు కంప్యూటర్లూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ మూసేసి ఇంటికొచ్చి డెస్క్‌టాప్ ఆన్ చేస్తే కొత్త ఫైలు రాదు. అందుకే చాలామంది ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత కంప్యూటరో, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరో ఇంట్లో పెట్టుకుంటారు. అలా పెట్టుకోగలిగితే ఫొటోలు, వీడియోలకు నా ఓటు సింక్‌థింగ్‌కే. రోజూ వాడే డాక్యుమెంట్లకు మాత్రం, మధ్యలో లైనక్స్ ఉంది కాబట్టి, డ్రాప్‌బాక్స్. ఆఫీసు మెషీన్‌లో ఏది వేయాలన్నా ముందు ఐటీ వాళ్లను అడగాలి.

హోస్ట్: ఇవి ఉంటే ఇక బ్యాకప్ టెన్షన్ లేనట్టేనా?

అతిథి: లేదు తమ్ముడూ, ఇక్కడే జనం నష్టపోతున్నారు. ఒకచోట డిలీట్ చేస్తే రెండోచోటా డిలీట్ అవుతుంది. డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ ఉచిత ఖాతాల్లో అలా పోయినవి 30 రోజులు దొరుకుతాయి. సింక్‌థింగ్‌లో మనం ఫైల్ వర్షనింగ్, అంటే పాత కాపీలు దాచే ఏర్పాటు, ఆన్ చేసుకుంటేనే పాతవి దొరుకుతాయి. అది కూడా అవతలి కంప్యూటర్ నుంచి వచ్చిన మార్పులకే పాత కాపీ దాస్తుంది. మన కంప్యూటర్లో మనమే చెరిపింది అక్కడ దాచదు. కాబట్టి రెండు కంప్యూటర్లలోనూ ఆన్ చేయండి. వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి విడిగా ఒక కాపీ తీసి, డిస్క్ పీకేసి పక్కన పెట్టండి.