సెప్టెంబరులో సర్దేసిన పెట్టెలు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు విన్నారు, మూడోసారి చెప్పి మీ టైమ్ తీసుకోను. నాకిచ్చిన అంశం వాతావరణ మార్పు వల్ల టండ్రా నేలల నుంచి, అంటే ఆర్కిటిక్‌లో చెట్లు పెరగని చలి మైదానాల నుంచి, వచ్చే వాయువులు. దాని గురించి చెబుతాను. అంతకుముందు నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

చాలా ఏళ్లపాటు క్లాసులో ఒక వాక్యం చెప్పాను. "మంచు పడగానే టండ్రా నేల గడ్డకడుతుంది, సూక్ష్మజీవుల పని ఆగిపోతుంది, ఆ ఏటికి వాయువుల లెక్క ముగిసినట్టే." పిల్లలు రాసుకున్నారు. పరీక్షల్లో అదే రాశారు. నేను మార్కులు వేశాను. ఆ వాక్యం తప్పు.

ముందు నేల సంగతి చూద్దాం. టండ్రా అడుగున ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటాం. దాని మీద వేసవిలో కరిగి చలికాలంలో మళ్లీ బిగిసే పొర ఒకటి ఉంటుంది. చాలాచోట్ల అది మోకాలి లోతు కూడా ఉండదు. చచ్చిన నాచు, వేర్లు, ఆకులు వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా ఆ చలిలో నిలవ ఉండిపోయాయి. ఉత్తరాది పర్మాఫ్రాస్ట్ ప్రాంతపు నేలల్లో సుమారు 1,500 బిలియన్ టన్నుల కార్బన్ ఉందని అంచనా. గాలిలో ఇప్పుడున్న దానికి దాదాపు రెట్టింపు! 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే సుమారు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. నేల కరిగితే సూక్ష్మజీవులకు తిండి దొరుకుతుంది. గాలాడే నేలలో అవి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, నీళ్లు నిలిచి గాలాడని చోట మీథేన్ తయారవుతుంది. ఆ మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్ల వరకు భూమిని వేడెక్కిస్తుంది. తుంగ జాతి మొక్కల కాడల్లో బోలు ఉంటుంది కదా, మీథేన్ ఆ దారినే నేరుగా పైకి వచ్చేస్తుంది.

వెచ్చబడితే మొక్కలూ ఏపుగా పెరుగుతాయి, అవి కార్బన్‌ని పీల్చుకోవా అని మీరు అడగొచ్చు. పీల్చుకుంటాయి. పొడి టండ్రా నేలలు గాలిలోని మీథేన్‌ని కొంత లోపలికి తీసుకుంటాయి కూడా. దీని గురించి విడిగా మాట్లాడుకోవాలి. ఇవాళ నా మనసంతా గ్రీన్‌లాండ్‌లోని కొన్ని పెట్టెల మీదే ఉంది.

గ్రీన్‌లాండ్ ఈశాన్య తీరాన, 74 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జాకెన్‌బర్గ్ అనే పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడి చిత్తడిలో మీథేన్ కొలిచే పెట్టెలు అమర్చారు. మూత దానంతట అదే మూసుకుంటుంది. కొద్ది నిమిషాలు లోపలి గాలిలో మీథేన్ ఎంత పెరిగిందో చూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది. వేసవి మధ్యలో అంకె బాగా పెరుగుతుంది, ఆగస్టు చివరికి తగ్గిపోతుంది. అంతటితో పెట్టెలు సర్దేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. ఏటా ఇదే వరస. 2007లో మాత్రం, ధ్రువ ప్రాంతాల మీద చాలా దేశాలు కలిసి పరిశోధన చేసిన అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం పుణ్యమా అని, మస్తెపానోవ్, క్రిస్టెన్సెన్ అనే శాస్త్రవేత్తల బృందం సీజన్ అయిపోయాక కూడా కొలతలు ఆపలేదు. నేల గడ్డకట్టడం మొదలైంది. పడిపోయిన అంకె ఉన్నట్టుండి పైకి లేచింది. ఆ గడ్డకట్టే రోజుల్లో బయటికొచ్చిన మీథేన్, వేసవి మొత్తంలో వచ్చినదానితో దాదాపు సమానం!

వాళ్లు ఇచ్చిన వివరణ ఇది. పైనుంచి నేల గడ్డకడుతూ కిందికి వస్తోంది, అడుగున ఎలాగూ గడ్డే. మధ్యలో ఇరుక్కున్న తడిమట్టిని పిండినట్టయి, అందులోని వాయువు పగుళ్ల గుండా, కాడల గుండా బయటికి తన్నుకొచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో అన్నిసార్లూ అంత పెద్దగా రాలేదు, ఆ మాటా చెప్పాలి. కానీ పెట్టెలు సర్దేసి ఉంటే అసలు రాలేదనే అనుకునేవాళ్లం కదా! అంతకుముందు ఏళ్లలో ఏం వచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు.

2016లో అలాస్కా నుంచి ఇంకో లెక్క వచ్చింది. సెప్టెంబరు నుంచి మే వరకు వచ్చే మీథేన్ ఏడాది మొత్తంలో సగమో, అంతకన్నా ఎక్కువో ఉందని తేలింది. నేల ఒక్కరోజులో గడ్డకట్టదు. పైన మంచు కప్పేశాక, లోపలి మట్టి వారాల తరబడి, ఒక్కోచోట నెలల తరబడి సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. అన్ని రోజులూ సూక్ష్మజీవులు పని చేస్తూనే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ సంగతి చూస్తే, పర్మాఫ్రాస్ట్ ప్రాంతమంతా కలిపి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏటా సుమారు 1.7 బిలియన్ టన్నుల కార్బన్ బయటికి పోతోందని 2019లో లెక్కగట్టారు. మొక్కలు పెరిగే కాలంలో లోపలికి వెళ్లేది సుమారు బిలియన్ టన్నులేనని మోడళ్ల అంచనా. కార్చిచ్చుల పొగ కూడా కలిపితే టండ్రా ఇప్పుడు తీసుకునేదానికంటే వదిలేదే ఎక్కువని 2024 ఆర్కిటిక్ నివేదిక చెప్పింది.

ఇంత తెలిశాక కూడా ఏం జరుగుతోందో వినండి. ఒకసారి చలికాలపు కొలతలకు డబ్బు అడుగుతూ ఒక కమిటీ ముందు కూర్చున్నాను. "మంచు పడ్డాక అక్కడ కొలవడానికి ఏముంటుందండీ?" అన్నారు ఒకాయన. నా నోట మాట రాలేదు. అది నేను క్లాసులో చెప్పిన వాక్యమే! ఆయన నా దగ్గర చదువుకోలేదు. నాలాంటి ఇంకెవరో చెప్పి ఉంటారు. ఫైలు పక్కన పెట్టేశారు.

ఇంకో బాధ. ఆర్కిటిక్ నేలలో దాదాపు సగం రష్యాలో ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అక్కడి కేంద్రాలతో పాశ్చాత్య దేశాల పరిశోధకులకు కలిసి పనిచేసే దారి చాలావరకు మూసుకుపోయింది. నేల కరగడం మాత్రం యుద్ధం కోసం ఆగలేదు.

ఈ హాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు చాలామందే కనిపిస్తున్నారు. అమ్మా, బాబూ, మీతోనే నాకు పని. ఆర్కిటిక్‌లో చలికాలంలో చాలా రోజులు చీకటే, సోలార్ ప్యానెల్ పనికిరాదు. పరికరాల మీద మంచు పేరుకుని రీడింగులు ఆగిపోతాయి. బ్యాటరీ మార్చడానికి మనిషి వెళ్లలేడు. ఆ చలిలో ఆర్నెల్లు తనంతట తాను నడిచే పెట్టె కావాలి. ఆలోచన ఉన్నవాళ్లు మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రండి, ఎంతసేపైనా కూర్చుంటాను.

నా క్లాసులో కూర్చున్నవాళ్లు కూడా ఇక్కడ కొందరున్నారు. మీలో టీచర్లయినవాళ్లు ఉంటే, ఆ పాత నోట్సులో "లెక్క ముగిసినట్టే" అని రాసుకున్న వాక్యం కొట్టేయండి. దాని పక్కన 2007, జాకెన్‌బర్గ్ అని రాసుకోండి.