పెరట్లో పందికొక్కులా? ముందు బొరియలు మూసి చూడండి

[కంద మడి. పక్కన తవ్విపోసిన మట్టి. సగం కొరికిన దుంప కెమెరాకు దగ్గరగా]

నమస్తే అండీ. ఈ కంద చూడండి. నిన్నటిదాకా పైన ఆకు గొడుగులా పచ్చగానే ఉంది. తవ్వి చూస్తే కింద దుంప సగమే మిగిలింది. నెలల తరబడి నీళ్లు పోసి పెంచుకున్న దుంప ఇలా చేతికొస్తే ఎంత బాధగా ఉంటుందో పెరడు ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇది పందికొక్కు పని. వీటిలో మన దగ్గర రెండు రకాలున్నాయి. పెద్దది కిలో దాకా తూగుతుంది. చిన్నది పావుకిలో అటూ ఇటూ ఉంటుంది కానీ తవ్వడంలో ఏమీ తక్కువ కాదు. ఇంగ్లీషులో బాండికూట్ అంటారే, ఆ మాట మన తెలుగు ‘పందికొక్కు’ నుంచి వెళ్లిందే. ఆస్ట్రేలియాలో దీనికి ఏ చుట్టరికమూ లేని జంతువుకు కూడా అదే పేరు పెట్టేశారు.

[గోడ వారన నాలుగు బొరియలు]

ఇక్కడ నాలుగు బొరియలు కనిపిస్తున్నాయి. వెంటనే మందు తెచ్చి నాలుగింట్లోనూ వేసేయాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. సాయంత్రం అన్నిటినీ తడిమట్టితో మూసేయండి. పొద్దున్నే వచ్చి చూడండి. ఏది మళ్లీ తెరుచుకుందో అందులోనే పందికొక్కు ఉన్నట్టు. మిగతావి పాతవి కావచ్చు, వేరే దారులు కావచ్చు. చిన్న రకం లోపలికి వెళ్లాక తనే మట్టితో మూసేసుకుంటుంది కూడా. కాబట్టి తెరిచిన కన్నం కోసమే కాదు, కొత్తగా, వదులుగా పోసిన మట్టి కుప్ప కోసం కూడా వెతకండి. ఈ ఒక్క రాత్రి ఓపిక పడితే తర్వాతి పనంతా సరైన చోట జరుగుతుంది.

బొరియలో చెయ్యి మాత్రం పెట్టకండి. అందులో నాగుపాము ఉండవచ్చు. నీళ్లు పోసి పందికొక్కును తరిమేద్దామన్నా, దానికి రెండో దారి ఉంటుంది, అటు పోతుంది.

[ఇనుప బోను, పక్కన ఎండుచేప, కొబ్బరి ముక్క, బజ్జీ]

పెరటికి నేను నమ్మేది బోనునే. అయితే చాలామంది తొలిరోజే బిగించి, పడలేదని మూలన పడేస్తారు. కొత్త వస్తువంటే పందికొక్కుకు అనుమానం. మూడు, నాలుగు రాత్రులు బోను తలుపు మూసుకోకుండా కట్టేసి, తెరిచే ఉంచండి. లోపల ఎండుచేపో, కొబ్బరి ముక్కో, మిరపకాయ బజ్జీయో పెట్టండి. భయం లేకుండా తిని వెళ్లడం అలవాటయ్యాక అప్పుడు బిగించండి. గోడ వారనే పెట్టాలి, అది తిరిగే దారి అదే. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. దాని మూత్రం వల్ల ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. వానాకాలంలో బురదలో చెప్పుల్లేకుండా తిరగొద్దు, కాళ్లకు పుండ్లుంటే అసలు వద్దు.

ఒకటి పట్టుకుని హాయిగా కూర్చోవద్దు. మూడు వారాల పైచిలుకు మోసి ఒక్క కాన్పులో ఆరేడు పిల్లల్ని, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెడుతుంది. తిండీ, చోటూ దొరికినంతకాలం ఖాళీ అయిన బొరియలోకి ఇంకోటి వస్తుంది. రాత్రి కుక్కకు పెట్టిన అన్నం మిగిలితే తీసేయండి. ఇటుకల కుప్ప, కట్టెల మోపు నేలకు ఆనకుండా ఎత్తులో పెట్టండి.

[తవ్విన మడి, అడుగున జాలీ పరుస్తూ]

కంద, చేమ, చిలగడదుంప వేసే మడికి అడుగున, పక్కలా అరంగుళం కళ్లున్న గట్టి జీఐ జాలీ, అంటే జింకు పూత వేసిన ఇనుప జాలీ పరవండి. కోళ్లకు కట్టే పల్చటి వలను కొరికేస్తుంది. ఖర్చు ఒక్కసారే అవుతుంది, దుంప ఏళ్ల తరబడి మనకే దక్కుతుంది.

ఇక మందు. బోనుకు లొంగకపోతేనే ఆ ఆలోచన చేయండి. బ్రోమాడియోలోన్ బిళ్లలు దొరుకుతాయి. తిన్న కొన్ని రోజులకు లోపల రక్తస్రావమై చస్తుంది. పిల్లలకీ, పెంపుడు జంతువులకీ అందకుండా బిళ్లను బొరియ లోపలికి కర్రతో నెట్టి మట్టి కప్పాలి. చచ్చినదాన్ని పిల్లి తినకుండా లోతుగా పాతిపెట్టాలి. పొరపాటున ఇంట్లో ఎవరైనా మింగితే ప్యాకెట్‌తో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఇస్తారు.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మాత్రం ఇంటి దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. మట్టి సందుల్లోంచి పడకగదిలోకి చేరితే మనుషులే చనిపోతారు. దానికి విరుగుడు లేదు.

[పొద వెంట జారిపోతున్న జెర్రిపోతు]

ఇదుగో, జెర్రిపోతు. దీనికి విషం లేదు. ఎలుకల్నీ, పందికొక్కు పిల్లల్నీ బొరియలోకి దూరి మరీ తింటుంది. దీన్ని చూసి కర్ర తీయకండి, దాని దారిన దాన్ని పోనివ్వండి. ఏ పామో తేల్చుకోలేకపోతే దూరంగా ఉండి, పాములు పట్టేవారిని పిలవండి. మనం ఈ సాయంత్రం తడిమట్టి సిద్ధం చేసుకుందాం.