మట్టి రంగు ఊళ్లో ఈ-బైక్ మీద: శాంటా ఫే ఎలా చూడాలి?

[తెరపై: మట్టి రంగు గోడల మధ్య సన్నటి సందు. హెల్మెట్లు పెట్టుకున్న ఐదారుగురు గైడు వెనకాల వరుసగా సైకిళ్ల మీద వెళ్తుంటారు.]

నమస్తే. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రానికి రాజధాని శాంటా ఫే. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ప్లాజా, అంటే ఊరి నడిబొడ్డున ఉన్న చౌకు దగ్గర కారు పార్క్ చేసి, చుట్టూ నాలుగు వీధులు తిరిగి, ఫొటోలు దిగి సాయంత్రానికి ఆల్బుకర్కీ నగరానికి వెళ్లిపోతారు. అలా చూస్తే ఈ ఊరు సగం కూడా చూసినట్టు కాదు. నన్నడిగితే గైడుతో ఈ-బైక్, అంటే మోటారు సాయం ఉన్న సైకిల్ మీద టూర్ తీసుకోమంటాను.

ఒక కారణం ఎత్తు. శాంటా ఫే సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల పైన ఉంది. అమెరికా రాష్ట్ర రాజధానుల్లో ఇంత ఎత్తున ఉన్నది ఇంకోటి లేదు. గాలి పల్చన. డల్లాస్ నుంచో హ్యూస్టన్ నుంచో వచ్చినవాళ్లకు మొదటి రోజు చిన్న ఎత్తు ఎక్కినా ఆయాసం వస్తుంది, కొందరికి తలనొప్పి కూడా.

[తెరపై: తిరుగుతున్న పెడల్ క్లోజప్. హ్యాండిల్ మీద ప్లస్, మైనస్ బటన్లు.]

ఈ టూర్లలో ఎక్కువగా ఇచ్చేవి పెడల్ అసిస్ట్ బైకులు. మీరు తొక్కుతున్నట్టు సెన్సర్ కనిపెట్టగానే మోటారు సాయం పడుతుంది. తొక్కడం ఆపితే అదీ ఆగుతుంది. క్లాస్ 1 అనే రకం బైకు అయితే గంటకు 20 మైళ్ల వేగం దాటాక మోటారు సాయం ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడు సాయం పెంచుకోండి, జనంలో తగ్గించుకోండి. ఇవి మామూలు సైకిల్ కంటే బాగా బరువు. కాబట్టి బయల్దేరే ముందు ఖాళీ స్థలంలో రెండు రౌండ్లు వేసి బ్రేకులు అలవాటు చేసుకుంటే టెన్షన్ ఉండదు.

[తెరపై: ప్లాజా. పొడవాటి వసారా, నీడలో గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మకందారులు.]

ప్లాజాకు ఉత్తరం వైపు పొడుగ్గా కనిపించే కట్టడం ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్. 1610లో స్పెయిన్ వాళ్లు పరిపాలన కోసం కట్టుకున్నది. 1680లో పోపే అనే నాయకుడి వెనక ఇక్కడి ఆదివాసీలైన ప్యూబ్లో ప్రజలు తిరగబడి వాళ్లను తరిమేశారు. 1693లో స్పానిష్ సైన్యం మళ్లీ స్వాధీనం చేసుకునేదాకా ఈ కట్టడంలో ప్యూబ్లో ప్రజలే ఉన్నారు.

ఇప్పుడు దీని వసారాలో ఆదివాసీ తెగల కళాకారులు గోడ వెంట దుప్పట్లు పరుచుకుని వెండి నగలు, నీలాకుపచ్చ టర్కోయిస్ రాళ్లు, కుండలు పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లకు గట్టి నియమాలున్నాయి. సరుకు చేత్తో చేసిందై ఉండాలి, అమ్మేది చేసినవాళ్లో వాళ్ల ఇంటివాళ్లో అయి ఉండాలి. వస్తువు మీద చేసినవాళ్ల గుర్తు ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

[తెరపై: అరచేతిలో చిన్న నల్ల కుండ. నిగనిగలాడే నలుపు మీద మెరుపు లేని నలుపుతో ముగ్గులాంటి డిజైన్.]

ఇలాంటి నల్ల కుండ కనిపిస్తే కాసేపు ఆగండి. దీనికి సారె వాడరు. మట్టిని తాళ్లలా చేసి చుట్టలు చుట్టలుగా పేర్చి, నున్నటి రాయితో గంటల తరబడి రుద్దుతారు. కాల్చేటప్పుడు మంటను ఎండిన పేడ పొడితో కప్పేస్తారు. గాలి అందక పొగ కమ్మేసరికి ఎర్రమట్టి నల్లబడుతుంది. సాన్ ఇల్డెఫోన్సో అనే ప్యూబ్లోకు (ప్యూబ్లో ప్రజల ఊరిని కూడా ప్యూబ్లో అనే అంటారు) చెందిన మరియా మార్టినెజ్, ఆమె భర్త జూలియన్ ఈ నలుపు మీద నలుపు పనికి ప్రపంచంలో పేరు తెచ్చారు. ఇంత పని తెలిశాక గీచి గీచి బేరం ఆడటానికి నాకైతే మనసొప్పదు. ఫొటో తీసే ముందు అడగడం కూడా మర్చిపోకండి.

[తెరపై: పాత రైల్వే స్టేషన్, రైల్‌యార్డ్ పార్కు.]

ఇంతకీ ఊరంతా ఈ మట్టి రంగేంటి? 1880లో రైలు మెయిన్ లైన్ శాంటా ఫేకి రాకుండా పక్క నుంచి పోయింది. ఊరికి మిగిలింది ఒక బ్రాంచి లైను. వ్యాపారం పడిపోయింది. 1912లో న్యూ మెక్సికో రాష్ట్రమయ్యాక ఊరి పెద్దలు ఒక ప్లాన్ వేశారు: పాత రూపాన్నే కాపాడుకుందాం, అది చూడటానికి జనం వస్తారు అని. ప్యాలెస్ ముందున్న విక్టోరియన్ తరహా వసారా తీసేసి 1913 నాటికి ఇప్పుడు మనం చూసేది కట్టారు. 1957లో పాతబస్తీలో కట్టడాలు ఈ శైలిలోనే ఉండాలని చట్టం చేశారు.

అందుకే ఇక్కడ మట్టిగోడలా కనిపించేదంతా మట్టిగోడ కాదు, చాలావాటికి పైన సిమెంటు పూతే. అసలైన అడోబీ, అంటే మట్టి, గడ్డి కలిపి ఎండబెట్టిన పచ్చి ఇటుకల గోడ, మందంగా ఉంటుంది. కిటికీ లోతుగా కనిపిస్తుంది, మూలలు చెయ్యి తిప్పినట్టు గుండ్రంగా ఉంటాయి. మంచి గైడు బైకు ఆపి రెండూ పక్కపక్కన చూపిస్తారు. కారులో వెళ్తే ఈ తేడా పట్టుకోలేరు.

[తెరపై: కాన్యన్ రోడ్డు, బయట శిల్పాలు పెట్టిన గ్యాలరీలు.]

కాన్యన్ రోడ్డు కొద్దికొద్దిగా ఎత్తెక్కుతుంది. అర మైలు మేర ఇల్లిల్లూ గ్యాలరీయే. మనకు ఆయాసం తెప్పించే ఈ పల్చటి పొడి గాలి కోసమే ఒకప్పుడు క్షయ రోగులు వైద్యానికి ఈ ఊరొచ్చారు. వాళ్లలో చిత్రకారులూ ఉన్నారు. 1921లో ఐదుగురు కుర్ర చిత్రకారులు లాస్ సింకో పింటోరెస్ (స్పానిష్‌లో ‘ఐదుగురు చిత్రకారులు’) పేరుతో జట్టుకట్టి, దగ్గర్లోని కమీనో దెల్ మోంతే సోల్ వీధిలో సొంత చేతులతో మట్టి ఇళ్లు కట్టుకున్నారు.

గ్యాలరీల కంటే నాకు ఇష్టమైనది పక్క వీధి. అక్కడ అసేకియా మాద్రే అనే కాలువ ఉంది, దాదాపు నాలుగు వందల ఏళ్ల నాటిది. అన్ని రోజులూ నీళ్లుండవు. నీళ్లు వచ్చినప్పుడు ఎవరి వంతు ఎప్పుడో చూసే పెద్దను మయోర్డోమో అంటారు. మన చెరువుల కింద నీరటి చేసే పని దాదాపు ఇదే. ఏటా వసంతంలో నీళ్లు వాడుకునేవాళ్లంతా కలిసి పూడిక తీస్తారు. కాలువ పక్కన బైకులు మెల్లగా పోనిచ్చి, ఇళ్ల గోడల కింద నుంచి నీటి దారులు ఎటు చీలుతున్నాయో చూడండి.

ఓపికుంటే మ్యూజియం హిల్ కూడా ఎక్కండి. నడిచి వెళ్లాలంటే దూరం, బైకుకు లెక్కలోది కాదు. అక్కడి జానపద కళల మ్యూజియంలో వందకు పైగా దేశాల బొమ్మలున్నాయి.

[తెరపై: నీళ్ల సీసా, టోపీ, కొండల మీద మబ్బులు.]

టూర్ ఉదయం పెట్టుకోండి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములతో వాన పడుతుంది. దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి. ఊరికి వచ్చిన రోజే కాకుండా మర్నాడు బుక్ చేసుకుంటే ఒంటికి ఎత్తు కాస్త అలవాటవుతుంది. ఆగస్టులో ఇండియన్ మార్కెట్ (ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసీలు) జరుగుతుంది. 1922లో మొదలైన ఈ సంతకు వందల మంది ఆదివాసీ కళాకారులు వస్తారు. ఆ వారాంతం ప్లాజా చుట్టూ వీధుల నిండా దుకాణాలే, అప్పుడు నడిచే చూడాలి. సందులు, కాలువ గట్లు తీరిగ్గా తిరగాలంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలకు టికెట్లు చూసుకోండి.