రక్తపరీక్ష చీటీ ఎవరి చేతిలో ఉండాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

నాకిచ్చిన విషయం చాలా పెద్దది. తత్వశాస్త్రం, ప్రకృతి విజ్ఞానం, ప్రభుత్వ విధానం, ఈ మూడు రంగాల్లో పరిశోధన గురించి మాట్లాడమన్నారు. ఇచ్చిన సమయం పావుగంట. పావుగంటలో మూడు శాస్త్రాలు చెప్పడం నావల్ల కాదు, ఇంకెవరివల్లయినా అవుతుందని కూడా నేననుకోను. అందుకని ఒకే ఒక్క ఎర్ర రక్తకణాన్ని పట్టుకుంటాను. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో మన చుట్టూ ఉన్నవాళ్ల ఒంట్లో తిరిగే కణమే. దాని వెంట పోతుంటే ఈ మూడూ దారిలోనే తగులుతాయి.

సికిల్ సెల్ జబ్బు గురించి వినే ఉంటారు. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా అది కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఇక కీళ్లనొప్పులు, ఎముకల్లో పోట్లు, రక్తం తగ్గిపోవడం, కళ్లు పచ్చబడటం. హిమోగ్లోబిన్ తయారీకి సూచన ఇచ్చే జన్యువులో ఒక్క అక్షరం తేడా, అంతే. ఆ జన్యువు మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండూ తేడావైతే జబ్బు. ఒక్కటే తేడాదైతే జబ్బు లేదు. ఆ మనిషి వాహకుడు, అంటే తన పిల్లలకు అందించగలడు, తాను మాత్రం మనలాగే తిరుగుతాడు, పని చేసుకుంటాడు. ఈ మాట మళ్లీ చెప్తాను, ఇంకో రెండుసార్లు కూడా చెప్తాను. వాహకుడికి జబ్బు లేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. రెండు తేడా జన్యువులూ వచ్చిన పిల్లలు పాతరోజుల్లో చాలామంది ఎదగకుండానే పోయేవారు. ఒక్కో బిడ్డతో రెండేసి జన్యువులు పోతున్నట్టే కదా. తరం తరానికీ తగ్గుతూ తగ్గుతూ ఎప్పుడో మాయమైపోవాలి. మరి ఎందుకు పోలేదు?

ఇలాంటి లెక్క ముందు వేసినవాడు జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త. ఆయన్ని మన ఇరుగుపొరుగు మనిషనే అనుకోవచ్చు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు, 1957లో కలకత్తా వచ్చి మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు, ఈ దేశ పౌరుడయ్యాడు, తర్వాత భువనేశ్వర్‌లో ప్రయోగశాల పెట్టుకుని 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశాడు. చనిపోయాక తన శరీరం వైద్య విద్యార్థులకు పనికిరావాలని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. మన పిఠాపురం వైపు కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే. ఆంధ్రలో మేనరికాల మీద 1960ల్లోనే పరిశోధన చేసి పత్రాలు రాశాడు. జువాలజీ చెప్పి రిటైరైన నాలాంటివాడికి వీళ్ల గురించి గంటలు మాట్లాడాలని ఉంటుంది. రేడియో స్టేషను వాళ్లు ఒప్పుకోరు.

హాల్డేన్‌కి సైన్సులో డిగ్రీ లేదు. ఆయన పట్టా గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాల్లో. అయినా జన్యుశాస్త్రానికి గణితపు పునాది వేసిన ముగ్గురు నలుగురిలో ఒకడు. యుద్ధం ముంచుకొస్తుంటే వైమానిక దాడుల నుంచి జనాన్ని ఎలా కాపాడాలని ప్రభుత్వంతో పోట్లాడాడు. జలాంతర్గామిలో నావికులు చనిపోతే, ఎందుకు పోయారో తెలుసుకోవడానికి తానే ఇనుప గదిలో కూర్చుని విషవాయువు పీల్చాడు. మూడు రంగాలకూ మూడు గదులు కట్టి గోడలు లేపింది మన కాలేజీలే కానీ, ఆయన బుర్రలో ఆ గోడలున్నట్టు తోచదు.

1949లో ఆయన ఆలోచించింది సికిల్ సెల్‌కి దగ్గరి చుట్టం లాంటి తలసీమియా గురించి. మధ్యధరా సముద్ర తీరంలో అది ఎక్కువ. కొత్తగా ఆ తేడా పుడుతూనే ఉంటుంది, అందుకే పోవడం లేదని అప్పట్లో కొందరన్నారు. హాల్డేన్ లెక్క వేసి చూశాడు. అంత వేగంగా జన్యువులు మారడం నమ్మశక్యంగా లేదు. ఒక్క తేడా జన్యువు ఉన్నవాడికి ఏదో లాభం ఉండి తీరాలి. ఆ తీరాల్లో మలేరియా జాస్తి. మలేరియా క్రిమి బతికేది ఎర్ర రక్తకణంలోనే. వాహకుడి కణం ఆ క్రిమికి అంత అనువుగా ఉండదేమో! లెక్కలోంచి పుట్టిన ఊహ ఇది. కెన్యాలో పెరిగిన ఆంథొనీ ఆలిసన్ అనే డాక్టరు సికిల్ సెల్ విషయంలో ఊరూరా తిరిగి చూశాడు. తీరంలో, విక్టోరియా సరస్సు చుట్టూ వాహకులు ఎక్కువ. చల్లటి ఎత్తు ప్రాంతాల్లో తక్కువ. వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉందని 1954లో ఆయన అచ్చువేశాడు.

ఇక మన సంగతి చెప్పాలా? మన్యం జ్వరం పేరు వింటే మైదానం ఉద్యోగులు ఇటు బదిలీ వద్దని కాళ్లావేళ్లా పడేవారు. మనం ఇంకా మద్రాసు కింద ఉన్న రోజుల్లోనే జయపురం కొండల మలేరియా మీద ప్రత్యేకంగా సర్వేలు జరిగాయి. ఆ దోమల మధ్య తరతరాలుగా బతికి బట్టకట్టినవాళ్ల రక్తంలో ఈ జన్యువు నిలిచింది. ఇది కోదుల జబ్బు, సవరల జబ్బు, మనకెందుకులే అని మన తెలుగిళ్లలో కొందరంటుంటారు. ఆ మాట తప్పు. ఒడిశాలో గిరిజనేతర కులాల్లోనూ ఇది ఉంది. రక్తం కులం అడిగి రాదు.

సరే, ఆ జన్యువు మంచిదా, చెడ్డదా? దోమలున్న చోట ఒకటి ఉంటే మేలు, రెండుంటే కీడు. దోమలు లేని చోట ఒకటి ఉన్నా ఒరిగేదేమీ లేదు. ఇక్కడే తత్వశాస్త్రం వచ్చి పక్కన కూర్చుంటుంది. లోకం ఎలా ఉందో చెప్పి, దాన్నిబట్టి ఇలా ఉండాలి అని గబుక్కున గెంతకూడదని డేవిడ్ హ్యూమ్ అనే తత్వవేత్త ఎప్పుడో పద్దెనిమిదో శతాబ్దంలో హెచ్చరించాడు. ఆ గెంతు గెంతినవాళ్లున్నారు. చెడ్డ వంశాలు పెరగకూడదని అమెరికాలో ఇండియానా రాష్ట్రం 1907లోనే బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు చట్టం చేసింది. అలాంటి చట్టాలకు సైన్సు ఆధారం చాలదని హాల్డేన్ 1938లో పుస్తకమే రాశాడు.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన ఊరు గురించి చెప్తాను. ఊరి పేరు ఒర్ఖోమెనోస్. గ్రీసు దేశంలో ఉంది. పక్కన ఒకప్పుడు కోపాయిస్ అనే పెద్ద చిత్తడి సరస్సు. దోమలు, మలేరియా. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టి సరస్సు ఎండగట్టి పొలాలు చేశారు. మలేరియా పోయింది, జన్యువు మిగిలింది. ఊళ్లో దాదాపు అయిదుగురిలో ఒకరు సికిల్ సెల్ వాహకులు. అక్కడా పెళ్లిళ్లు పెద్దవాళ్లు కుదిర్చేవే. అచ్చం మనలాగే.

1960ల్లో డాక్టర్లు ఆ ఊరికి వెళ్లారు. మంచి మనసుతోనే వెళ్లారు. ఊరందరికీ రక్తపరీక్షలు చేశారు. ఎవరు వాహకులో వాళ్లకు చెప్పారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే పిల్లలకు జబ్బు రావచ్చు, కాబట్టి సంబంధం చూసేటప్పుడు ఇది కూడా చూసుకోండి అన్నారు. వినడానికి ఎంత సబబుగా ఉంది! పెళ్లిచూపుల్లో జాతకం చూసుకున్నట్టే చీటీ చూసుకుంటే సరిపోతుంది కదా.

కొన్నేళ్లు గడిచాక మళ్లీ వెళ్లి చూశారు. వాహకుడికీ వాహకురాలికీ జరిగిన పెళ్లిళ్లు ఎన్ని? అసలు పరీక్షలే చేయకుండా ఉంటే యాదృచ్ఛికంగా ఎన్ని జరిగేవో, అన్నే. చీటీల వల్ల ఒక్కటీ తగ్గలేదు.

ఎందుకలా? కొందరు చీటీ సంగతి దాచిపెట్టారు. వాహకులంటే ఒకమెట్టు తక్కువన్న భావం ఊళ్లో పాకింది. జబ్బు లేని మనిషికి, చూడండి, జబ్బే లేని మనిషికి, పెళ్లి మార్కెట్టులో విలువ పడిపోయింది. నాకు అర్థమైనంతలో చిక్కు ఇక్కడుంది. చీటీ సంబంధం మాట్లాడే పెద్దల చేతిలో ఉన్నంతకాలం మంచి సంబంధం పోకూడదన్నదే లెక్క. పుట్టబోయే బిడ్డ సంగతి ఆ తర్వాత. పరీక్ష గొట్టంలో సైన్సు పొరపాటు ఏమీ లేదు. అది వాకిట్లోకి వచ్చి పెద్దల మధ్య కూర్చున్నాక ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

అమెరికాలో 1970ల మొదట్లో ఇంకో రకం తప్పు జరిగింది. కొన్ని రాష్ట్రాలు నల్లవాళ్లకు పరీక్ష తప్పనిసరి చేశాయి. వాహకులకు ఉద్యోగాలు పోయాయి, బీమా ఖర్చు పెరిగింది. మళ్లీ చెప్తున్నాను, వాహకుడికి జబ్బు లేదు. సైప్రస్ ద్వీపంలో తలసీమియాకు వేరే దారి పట్టారు. 1983 నుంచి పెళ్లికి ముందు చర్చి ఒక కాగితం అడగడం మొదలుపెట్టింది. ఆ కాగితంలో ఫలితం ఉండదు. ఈ ఇద్దరూ పరీక్ష చేయించుకున్నారు, డాక్టరు సలహా విన్నారు, అంతే రాసి ఉంటుంది. ఫలితం ఆ ఇద్దరికే తెలుసు. వాహకుల జంటలు చాలావరకు పెళ్లి మానుకోలేదు కూడా. గర్భంలోనే పరీక్ష చేయించుకునే సౌకర్యం ఉంది. జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు.

మన దేశంలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించారు. నలభై ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి జబ్బు నిర్మూలించాలని లక్ష్యం. కార్డులిస్తున్నారు. మంచి పని, ఆలస్యమైన మంచి పని. నా భయమల్లా ఒర్ఖోమెనోస్ గురించే. మన వైపు ఒక ఊళ్లో శిబిరం పెట్టి, ఫలితాలు పేరుపేరునా మైకులో చదివారు. పొదుపు సంఘం మీటింగులో బాకీలు చదివినట్టు. అక్కడున్న ఒకావిడ తర్వాత నన్ను ఆపి అడిగింది, "మాస్టారండీ, మా పిల్లకి చీటీలో ఏటో రాసీనారు. ఇక దీనికి పెళ్లవుతాదా?"

"నీ కూతురికి జబ్బు లేదమ్మా. శుభ్రంగా చేసుకోవచ్చు. పెళ్లికొడుక్కి కూడా పరీక్ష చేయించండి, అంతే."

"అతగాడికెందుకండీ? మా తమ్ముడేనండీ."

అదీ సంగతి. మేనమామ. అమ్మ వాహకురాలైతే ఆమె తమ్ముడికి ఉండే అవకాశం సగం, కూతురికి సగం. ఒకే ఇంటి నుంచి ఇద్దరికీ రావచ్చు. మేనరికం వద్దని ఇక్కడ నేను ఉపన్యాసం ఇవ్వను, ఇస్తే మా ఇంట్లోనే వినరు. మేనరికమైతే పరీక్ష ఇద్దరికీ తప్పకుండా చేయించండని మాత్రం అంటాను.

ఇంకొక అపోహ. ఇద్దరూ వాహకులైతే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చిందిగా, ఇక మిగతా ముగ్గురికీ భయం లేదు అనుకుంటారు. చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒకటే. గవ్వలకు వెనకటి పందెం గుర్తుండదు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒకటే.

మలేరియా మాట. 2017 నుంచి మారుమూల ఊళ్లలో దోమతెరలు, ఇంటింటి పరీక్షలు మొదలయ్యాక ఒడిశాలో మలేరియా బాగా తగ్గింది. అయితే జన్యువు అంత తొందరగా తగ్గదు, దానికి ఎన్నో తరాలు పడుతుంది. వాహకుడికి ఉన్న రక్షణ కూడా కొంతే, దోమతెర మానేయకూడదు. జబ్బు ఉన్న పిల్లలకైతే మలేరియా మరీ ప్రమాదం.

ఇక ఈ ప్రసంగంలో పనికొచ్చే ముక్క ఒకటుంది, అది చెప్పి సెలవు తీసుకుంటాను. శిబిరంలో మొదట చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. చుక్క రక్తంతో అయిపోతుంది. అందులో పాజిటివ్ అని వస్తే కొడవలి హిమోగ్లోబిన్ ఉందని తెలుస్తుంది, అంతే. మనిషి వాహకుడా, జబ్బు ఉన్నవాడా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. దానికి రెండో పరీక్ష కావాలి, ఎలక్ట్రోఫోరెసిస్ అనో, హెచ్‌పీఎల్‌సీ అనో అంటారు. కాబట్టి పాజిటివ్ చీటీ పుచ్చుకుని ఇంటికి వచ్చేయకండి. రెండో పరీక్ష ఎప్పుడు, ఎక్కడ అని అక్కడే నర్సమ్మను అడిగి రాయించుకోండి. జబ్బు ఉందని తేలితే హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది, నొప్పులొచ్చే సార్లు తగ్గిస్తుంది, డాక్టరు చెప్పినట్టు వాడాలి. లేదు, వాహకుడనే తేలితే, మూడోసారి చెప్తున్నాను, జబ్బు లేదు. ఆ రెండో చీటీ పిల్ల పేరున ఉంటే పిల్ల చేతికే ఇప్పించండి. మైకు పట్టుకున్నాయన చదవబోతే, చదవొద్దని చెప్పే హక్కు మీకుంది. నమస్కారం.