దుప్పిని చూసి ఎగరకండి: అండమాన్ అడవిలో మా ఆదివారం నడక

అందరికీ నమస్తే అండీ, పోర్ట్ బ్లెయిర్ నుంచి మాట్లాడుతున్నా. ఇప్పుడు శ్రీ విజయపురం అనాలి లెండి, 2024 సెప్టెంబర్‌లో పేరు మార్చారు, మా నోటికే ఇంకా అలవాటు కాలేదు. ఈ ఆదివారం మా గ్రూప్ మౌంట్ హారియట్ ఎక్కింది, దానికి కూడా 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. బ్రిటిష్ వాళ్ళతో 1891లో జరిగిన యుద్ధం తర్వాత మణిపూర్ వాళ్ళని తెచ్చి ఇక్కడ ఖైదులో పెట్టారు కదా, అందుకు. జెట్టీ దగ్గర షేర్ ఆటో అబ్బాయికి మాత్రం ఇప్పటికీ హారియట్ అంటేనే తెలుస్తుంది.

సరే విషయానికొద్దాం. ఈసారి వాక్‌లో కొత్తవాళ్ళు చాలామంది వచ్చారు, ఎక్కువ మంది మనవాళ్ళే, శ్రీకాకుళం వైజాగ్ నుంచి ఎప్పుడో తాతల కాలంలో వచ్చి ఇక్కడే సెటిలైన కుటుంబాల పిల్లలు. ఇంకా గేటు దాటి పది నిమిషాలు కూడా కాలేదు, ఒక దుప్పి రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడింది, ఇక చూడండి ఒకటే హడావిడి, అందరి ఫోన్లూ పైకి లేచాయి, వీడియో కాల్ చేసి ఇంట్లో వాళ్ళకి చూపించినోళ్ళు కూడా ఉన్నారు. నేనూ మా బాబాయ్ వెనకాల నిలబడి చూస్తున్నాం. బాబాయ్ అంటే నా సొంత బాబాయ్ కాదు, ఫారెస్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన, గ్రూప్ అంతా అలాగే పిలుస్తాం. ఆయన నెమ్మదిగా అన్నాడు, "మేకని చూసి ఇంత గోలేటర్రా, దీన్ని ఎవడో ఓడలో తెచ్చి వదిలేసినాడు" అని.

అదీ నేను ఈ వీడియోలో చెప్పాలనుకుంటున్నది. ఈ దీవుల్లో మొదట్లో దుప్పి లేదండీ అసలు. బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలారు. మన నల్లమలలో దుప్పి ఉందంటే దాని వెనకాల చిరుత ఉంటుంది, పులి ఉంటుంది, రేచుకుక్కలు ఉంటాయి, లెక్క సరిపోతుంది. ఇక్కడ పులి లేదు చిరుత లేదు నక్క కూడా లేదు, మధ్యలో అంత సముద్రం ఉంటే ఎలా వస్తాయి. తినేవాడు లేడు కాబట్టి ఇవి పెరిగిపోయి, ఇప్పుడిప్పుడే మొలుస్తున్న చెట్ల మొక్కలన్నీ చిగుళ్ళ దగ్గరే కొరికేస్తున్నాయి. పైకి చూస్తే పెద్ద పెద్ద చెట్లు, అడవి పచ్చగా బ్రహ్మాండంగా ఉంది అనిపిస్తుంది, కానీ ఒకసారి కిందకి చూడండి, మోకాలెత్తు మొక్కలు ఎన్ని ఉన్నాయో వెతకండి. రేపు ఆ పెద్ద చెట్టు పడిపోతే దాని చోట్లోకి వచ్చేది ఏది? రాస్ ఐలాండ్‌లో టూరిస్టుల చేతిలోంచి బిస్కెట్లు తినే జింకల్ని చూసి ముచ్చటపడతారు, నాకైతే ఆ ముచ్చట ఎప్పుడో పోయింది. దుప్పి మీద కోపం కాదండీ, దాని తప్పేముంది పాపం.

దుప్పి ఒక్కటే కాదు. రోడ్డు పక్కన రాళ్ళ మీద చేతి పిడికిలంత నత్తలు పాకుతూ ఉంటాయి, వీడియోలో ఇదిగో ఇవే, ఇవి ఆఫ్రికా నత్తలు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు ఈ దీవుల్ని పట్టుకున్నప్పుడు తెచ్చారని చెబుతారు. తోటలున్నోళ్ళని అడగండి వీటి సంగతి. గోరింకలు కూడా బయటినుంచి తెచ్చినవే.

మరి ఇక్కడివి ఏవి అంటే, అవి రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడవు, అదే చిక్కు. ఆగాలి. మా గ్రూప్‌లో ఒక పద్ధతి ఉంది, పైనుంచి కాలాపత్థర్ వైపు వెళ్ళే దారి రెండు కిలోమీటర్లే ఉంటుంది, దానికి మేము పొద్దున్నంతా తీసుకుంటాం. ఫిట్‌నెస్ కోసం వచ్చిన వాళ్ళు తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. నడుస్తూ ఏట్రింత అరుపు వినపడితే చాలు, అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోవాలి. మన పొలాల్లో గేదె మీద కూర్చునే నల్ల ఏట్రింత కాదు ఇది, అండమాన్ ఏట్రింత, ప్రపంచంలో ఈ దీవుల చుట్టుపక్కలే ఉంటుంది. ఇది ఒంటరిగా తిరగదు, పది రకాల పిట్టల గుంపుతో పాటు పోతుంది, మిగతా పిట్టలు ఆకుల్లో వెతుకుతుంటే ఎగిరే పురుగుల్ని ఇది పట్టేస్తుంది, గద్ద వస్తే ముందు అరిచేది కూడా ఇదే. అంటే ఏట్రింత దొరికిందంటే గుంపంతా దొరికినట్టే.

ఆదివారం అలాగే జరిగింది. ఐదు నిమిషాలు ఏమీ లేదు, కొత్త పిల్లలు అప్పుడే ఫోన్లు చూసుకోవడం మొదలెట్టారు, ఇంతలో ఏట్రింతలు రెండు, వాటి వెనకాల పికిలి పిట్టలు, ఆ తర్వాత ఎర్రటి జుట్టుతో ఒళ్ళంతా నల్లగా ఉండే అండమాన్ వడ్రంగి పిట్ట వచ్చి ఒక ఎండిన మానుకి అతుక్కుని టకటకటక మొదలెట్టింది, దాని దెబ్బకి చెక్కముక్కలు కింద పడటం కూడా కనపడింది. ఈ పిట్ట అండమాన్ తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. మీరు అమెజాన్ వెళ్ళినా దొరకదు, కజిరంగా వెళ్ళినా దొరకదు, ఈ కొండ వైపు వచ్చే బాంబూ ఫ్లాట్ ఫెర్రీ ఎక్కితే దొరుకుతుంది. దీనికి వీడియో కాల్ ఎవరూ చేయలేదు, నాకు అదే బాధ.

దాన్ని చూసి తల దించితే పక్కన పోక చెట్టు మీద ఇంకొకటి. బల్లి. ఆకుపచ్చ బల్లి, మామూలు పచ్చ కాదు, కొత్త ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది, వీపు మీద ఎర్రటి మచ్చలు. రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర ఉండే బల్లి కాదండీ, ఇది పగలే తిరుగుతుంది, పురుగులతో పాటు పువ్వుల్లో తేనె కూడా నాకుతుంది. దీని చుట్టాలంతా ఎక్కడున్నారో తెలుసా, మడగాస్కర్‌లో, ఆ చుట్టుపక్కల దీవుల్లో. మధ్యలో ఇంత హిందూ మహాసముద్రం, ఇది ఒక్కటీ ఇటు ఎలా వచ్చిపడిందో. మా గ్రూప్‌లో ఒకావిడ అంది, "మా పెరట్లో అరటి చెట్టు మీద రోజూ ఉంటుందండీ ఇది, చీపురుతో కొడతాం" అని. అమ్మా తల్లీ, కొట్టకండి.

పాముల గద్దకి ఒక గుర్తు చెప్తా, చాలామంది తికమక పడతారు. అడవి లోపల కొండల మీద ముదురు గోధుమ రంగులో, దాదాపు నల్లగా కనిపిస్తే అది అండమాన్ పాముల గద్ద. తీరం దగ్గర మడ అడవుల వైపు రంగు తేలిగ్గా ఉన్నది కనిపిస్తే అది వేరే, జుట్టు పాముల గద్ద. ఒక్క రంగుతో తీర్పు చెప్పెయ్యకుండా ఎక్కడ కూర్చుందో కూడా చూడండి.

పైన వ్యూ పాయింట్ దగ్గర అందరూ చేసే పనే మేమూ చేశాం, పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు తీసి వెనకవైపు బొమ్మని ఎదురుగా ఉన్న నార్త్ బే లైట్‌హౌస్‌తో కలిపి చూశాం. ఆ బొమ్మ ఇక్కడిదే. ఇదే కొండ మీద సూర్యాస్తమయం చూసి కిందకి దిగిన వైస్రాయ్ లార్డ్ మేయోని 1872 ఫిబ్రవరి 8న హోప్ టౌన్ జెట్టీ దగ్గర షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. తర్వాత కొన్నాళ్ళకే ఇక్కడి ఒక పెద్ద నల్ల సీతాకోకచిలుకకి శాస్త్రవేత్తలు పాపిలియో మేయో అని పేరు పెట్టారు, దిగేటప్పుడు దారిలో అది కనిపించింది కానీ కెమెరా ఫోకస్ అయ్యేలోపు పోయింది, మీకు చూపించేది ఈ మసక ముక్కే.

ఇంకో మాట, ఫోన్‌లో పిట్ట కూత ప్లే చేసి పిలవడం మా గ్రూప్‌లో కుదరదు. ఈసారి ఒకబ్బాయి చేశాడు, ఆపించాం, అతనికి కోపం వచ్చింది. పిట్ట గూడు దగ్గర ఉంటే ఆ కూత విని ఎవడో పోటీకి వచ్చాడనుకుని గుడ్లు వదిలేసి గొడవకొస్తుంది, మీ రీల్ కోసం దాని టైమంతా పాడు. ఏట్రింత కోసం ఆగినట్టే ఆగండి, అంతే.

వచ్చే ఆదివారం చిడియా టాపు. బీచ్ నుంచి ముండా పహాడ్ కొండకొమ్ము దాకా అడవి దారి ఉంది, అక్కడికి నడుస్తాం. ఇక్కడ తెల్లారడం మన ఆంధ్రా కంటే చాలా ముందు, ఐదున్నరకే బాగా వెలుగొచ్చేస్తుంది, కాబట్టి ఆరింటికల్లా నడక మొదలైపోతుంది, ఏడింటికి వచ్చి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. వాన కాలం కాబట్టి ఫుల్ ప్యాంటు, పొడుగు సాక్సులు, జలగలకి ఉప్పు. చెప్పులతో రావద్దు, ఆకుల చెత్తలో పిట్ వైపర్ అనే విషప్పాము పడుకుని ఉంటే కనపడదు, రాచనాగు కూడా ఈ దీవుల్లో ఉంది. నడక అయ్యాక చెమటగా ఉందని సముద్రంలోకి దిగుతామంటే మాత్రం ఒప్పుకోం, అక్కడ మొసళ్ళ భయం ఉంది, బోర్డు చూసి కూడా దిగేవాళ్ళు బాబాయ్ తిట్లు తినడానికి రెడీగా ఉండండి, ఆయన తిట్టేది మామూలు తెలుగులో కాదు.