గుండె మళ్లీ కొట్టుకుంది, మరి మెదడు? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

(చెన్నైలోని తెలుగు శ్రోతల కోసం. సమాధానాలు ఇస్తున్నవారు ఒక ఐసీయూ వైద్యురాలు, ఒక న్యూరాలజిస్ట్.)

యాంకర్: నమస్కారం. మొదటి కాల్ పెరంబూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా నాన్నగారికి 61 ఏళ్లు. నిన్న పొద్దున హాల్లో పడిపోయారు. మా తమ్ముడు ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. 108 వాళ్లు వచ్చి షాక్ ఇస్తే గుండె కొట్టుకుంది. స్టెంట్ కూడా వేశారు. కానీ ఇంకా కళ్లు తెరవలేదు, వెంటిలేటర్ మీదే ఉన్నారు. ఒంటిని ఐసుతో చల్లబరిస్తే మెదడు దక్కుతుందట, ఇక్కడ చెయ్యడం లేదు, వేరే ఆసుపత్రికి మారుద్దామని మా బాబాయి అంటున్నారు.

ఐసీయూ డాక్టర్: మీ బాబాయిగారిది గాలిమాట కాదమ్మా. 2002లో యూరప్‌లో ఒకటి, ఆస్ట్రేలియాలో ఒకటి అధ్యయనాలు వచ్చాయి. ఒంటిని 33 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు దించితే ఎక్కువమంది మెదడు బాగుండి ఇంటికెళ్లారు. పదేళ్లకు పైగా ఐసీయూల్లో అదే పద్ధతి నడిచింది. 2013లో 33నీ 36నీ పోల్చి చూస్తే తేడా రాలేదు. 2021లో 1,800 మందికి పైగా పేషెంట్లలో, 33కి చల్లబరచడం మేలా, జ్వరం రానివ్వకపోతే చాలా అని చూశారు. ఆరు నెలల తర్వాత రెండువైపులా ఫలితం ఒకటే. పైగా చల్లబరిచినవాళ్లలో గుండె లయ తప్పడం ఎక్కువైంది. అందుకని ఇప్పుడు ఎక్కువగా కాపలా కాసేది జ్వరాన్నే. 37.5 దాటకూడదు, మన థర్మామీటర్‌లో 99.5. కనీసం 36 గంటలు, తెలివి రానివాళ్లకు 72 గంటల దాకా.

కాలర్: 99.5 అంటే జ్వరం కిందే లెక్క కాదు కదండీ?

ఐసీయూ డాక్టర్: మీకూ నాకూ కాదు, ఆయన మెదడుకు లెక్కే. గుండె ఆగినప్పుడు పడింది మొదటి దెబ్బ. రక్తం మళ్లీ పారడం మొదలయ్యాక రెండోది మొదలవుతుంది. కణాల్లోకి కాల్షియం చొరబడుతుంది, వాపు వస్తుంది. గంటలు కాదు, రోజుల తరబడి సాగే వ్యవహారం. అలాంటప్పుడు జ్వరం వస్తే మెదడుకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి, తెచ్చిపెట్టే శక్తి రక్తనాళాలకు ఉండదు.

ఇంకోటి, టెంపరేచర్ ఎక్కడ చూస్తున్నారో అడగండి. చంకలో చూస్తే లోపలి వేడి కంటే తక్కువ చూపిస్తుంది. యూరిన్ ట్యూబ్‌తోనో, అన్నవాహికలోనో పెట్టే ప్రోబ్‌ను నమ్మాలి. పారాసెటమాల్ ఒక్కదానితో ఆగకపోతే చల్లటి నీళ్లు తిరిగే ప్యాడ్లు చుడతారు. అప్పుడు వణుకు పుడుతుంది. వణుకంటే కండరాలు వేడి తయారుచేయడమే, చేసిన పనంతా వృథా. అందుకే ఛాతీని, తొడలను చల్లబరుస్తూనే అరచేతులకు, పాదాలకు వెచ్చగా చుడతారు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, చర్మం వెచ్చగా ఉందనుకుని ఒళ్లు వణకడం తగ్గిస్తుంది. అప్పటికీ ఆగకపోతే మెగ్నీషియం, మత్తు.

యాంకర్: మరి ఆసుపత్రి మార్చాలా?

ఐసీయూ డాక్టర్: ఐసు కోసమైతే వద్దు. వెంటిలేటర్‌తో మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో బీపీ పడిపోయినా, ట్యూబ్ కదిలినా జరిగే నష్టం ఎక్కువ. రేపు రౌండ్స్‌కి వచ్చినప్పుడు సగటు బీపీ, అంటే మీన్ ప్రెషర్, 60–65కి తగ్గకుండా ఉందా అని అడగండి. ఆక్సిజన్ శాతం 94 నుంచి 98 మధ్య ఉండాలి.

యాంకర్: నూరు ఉంటే ఇంకా మంచిది కాదా?

ఐసీయూ డాక్టర్: కాదండీ. దెబ్బతిన్న కణానికి అవసరానికి మించిన ఆక్సిజన్ కూడా విషమే. కార్బన్ డయాక్సైడ్ 35–45లో ఉండాలి. వెంటిలేటర్ వేగం పెంచి దాన్ని మరీ దించేస్తే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. షుగర్ 180 దాటకూడదు, కానీ ఇన్సులిన్ ఎక్కువై 70 కిందికి పడితే అది మరీ ప్రమాదం.

కాలర్: స్కాన్ చూసి ఒక డాక్టర్‌గారు పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారండీ...

న్యూరాలజిస్ట్: రెండో రోజున ఆ మాట చెప్పడానికి ఆధారం చాలదమ్మా. గుండె మళ్లీ కొట్టుకున్న దగ్గర్నుంచి కనీసం 72 గంటలు ఆగాలి, అదీ మత్తుమందు పూర్తిగా దిగిపోయాక. లివర్, కిడ్నీలు నెమ్మదించినప్పుడు మత్తు రోజుల తరబడి ఒంట్లో ఉండిపోతుంది, అది మెదడు దెబ్బలాగే కనిపిస్తుంది. మత్తు ఏ రోజు, ఎన్ని గంటలకు ఆపారో రాసిపెట్టుకోండి. ఆ తర్వాత కూడా ఒక్క పరీక్షతో తేల్చకూడదు. కంటిపాప వెలుగుకు కదలడం, మెదడులోని కరెంటు తీరు చూసే ఈఈజీ, చేతి నరానికి కరెంటిచ్చి మెదడుకు చేరిందో లేదో చూసే పరీక్ష, రక్తంలో ఎన్ఎస్ఈ (మెదడు కణాలు దెబ్బతింటే పెరిగే పదార్థం), ఎంఆర్ఐ... వీటిలో కొన్నైనా ఒకే మాట చెప్పాలి. పొంతన కుదరకపోతే ఇంకొన్నాళ్లు ఆగడమే. ఈఈజీ మాత్రం ఇప్పుడే అడగండి. పైకి ఏమీ కనిపించకుండా లోపల ఫిట్స్ నడుస్తుండొచ్చు. వాటికి మందుంది.

యాంకర్: తర్వాతి కాల్ ఆవడి నుంచి.

కాలర్: సార్, మాది ఐదో అంతస్తు. ఎవరైనా అలా పడిపోతే అంబులెన్స్ వచ్చేలోపు ఏం చెయ్యాలి? తమిళనాడు ప్రభుత్వం ‘ఇదయం కాప్పోం’ (గుండెను కాపాడుదాం) పథకం కింద ఇచ్చే మాత్రలు ఇంట్లో పెట్టుకుంటే పనికొస్తాయా?

ఐసీయూ డాక్టర్: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటార్వాస్టాటిన్ కదా. 2023 నుంచి ఇస్తున్నారు, మంచి పథకం. కానీ అవి గుండెపోటు అనుమానం ఉండి, స్పృహలో ఉన్నవాళ్లకు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల సిబ్బంది చూసి ఇచ్చేవి. పడిపోయి పలకని మనిషి నోట్లో మాత్ర వద్దు, చుక్క నీళ్లు కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు, అంతే, మొదలుపెట్టాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో మనిషి గురకలాగా, చేప నోరు తెరిచినట్టు ఒకటి రెండుసార్లు గాలి పీలుస్తాడు. ‘ఊపిరి ఆడుతోంది’ అని కూర్చోబెట్టి సోడా తెమ్మంటారు. అది ఊపిరి కాదు. మంచం మీద ఉంటే నేల మీదికి దించండి, పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది. రొమ్ము మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మొదలు ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5–6 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100–120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. ఆపిన ప్రతిసారీ మెదడుకు రక్తాన్ని నెట్టే ఒత్తిడి వెంటనే పడిపోతుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి 108కి చెప్పండి. తమిళం తడబడితే వాచ్‌మన్‌తో చెప్పించండి. లిఫ్ట్ కింద ఆపి పట్టుకోవడానికి ఒకరిని పంపండి.

యాంకర్: కోడంబాక్కం నుంచి ఒక ప్రశ్న. మెదడుకు బలమిచ్చే మాత్రలు కొనమంటారా అని.

న్యూరాలజిస్ట్: సిటికోలిన్, పిరాసెటమ్ లాంటివేగా? గుండె ఆగాక మెదడు దెబ్బను తగ్గిస్తుందని రుజువైన మాత్ర ఇప్పటికి ఒక్కటీ లేదు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి ఉంచుకోండి.

యాంకర్: తాంబరం నుంచి చివరి కాల్.

కాలర్: నమస్తే అండీ. మా ఆయనకూ అలాగే గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది, డిశ్చార్జ్ అయి మూడు వారాలు. నడుస్తున్నారు, తింటున్నారు. కానీ అడిగిందే మళ్లీ అడుగుతారు. మొన్న స్టవ్ వెలిగించి మర్చిపోయారు. ఊరికే కోపం.

న్యూరాలజిస్ట్: జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోకాంపస్‌కి ఆక్సిజన్ తగ్గితే ముందుగా దెబ్బ తగులుతుందమ్మా. స్కాన్ బాగున్నా ఇలా ఉండొచ్చు. ఎక్కువ మార్పు మొదటి మూడు నెలల్లో వస్తుంది, ఏడాది దాకా కూడా కొంత కొంత రావచ్చు. మోకా అని జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే 30 మార్కుల పరీక్ష చేయించండి. ఆయనకు బాగా వచ్చిన భాషలోనే చెయ్యాలి. తమిళంలో అడిగితే, మార్కులు తగ్గింది మెదడు వల్లో భాష వల్లో తేలదు. కోపం, దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, మందు అవసరమైతే అడగండి. స్టెంట్ మాత్రలు మాత్రం ఆయన చేతికి వదలొద్దు. మర్చిపోతే స్టెంట్ మూసుకుపోతుంది, వేసుకున్నది గుర్తులేక మళ్లీ వేసుకుంటే రక్తస్రావం. వారం గళ్ల డబ్బా కొనండి, మీరే నింపండి.

కాలర్: షాపుకెళ్లి లెక్కలు చూస్తానంటున్నారండీ.

న్యూరాలజిస్ట్: వెళ్లనివ్వండి, పొద్దున పూట ఒక గంట. మధ్యాహ్నానికి అలసట కమ్మేస్తుంది. బిల్లులు చూడొచ్చు, చెక్కుల మీద సంతకాలు, యూపీఐ చెల్లింపులు ఇప్పుడే వద్దు. స్కూటర్ మీద మాత్రం కాదు, కార్డియాలజిస్టూ నేనూ ఇద్దరం సరేనన్నాకే.