రౌండ్స్‌లో దేవుడి మాట ఎత్తొచ్చా?

యాంకర్: నమస్కారం. డాక్టర్లు పేషెంట్‌తో బీపీ గురించి, షుగరు గురించి మాట్లాడతారు. మరి దేవుడి గురించి, నమ్మకాల గురించి మాట్లాడాలా వద్దా? మన హైదరాబాద్ స్టూడియోలో ఒక పాలియేటివ్ కేర్ డాక్టర్ (అంటే తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే డాక్టర్), ఒక సర్జన్, ఒక సీనియర్ నర్సు, తండ్రికి కేన్సర్ వైద్యం చేయించిన ఒక కూతురు ఉన్నారు. సర్జన్ గారూ, మీకు అభ్యంతరం ఉందన్నారు.

సర్జన్: ఉంది. నాకు భక్తి లేక కాదు. ఓపీ బయట బెంచీలన్నీ నిండిపోయి జనం గోడకి ఆనుకుని నిలబడి ఉంటారు, ఒక్కొక్కరికి దొరికేదే నాలుగైదు నిమిషాలు, అందులో ఇది కూడానా? పైగా తెల్లకోటు వేసుకున్న మనిషి దేవుడి మాటెత్తితే పేషెంట్ కాదనలేడు. నా మతం అతని మీద రుద్దినట్టే.

పాలియేటివ్ డాక్టర్: రుద్దకూడదు, అందులో మీతో నాకు పేచీ లేదు సార్. కానీ మీరు అడగకపోయినా అది ఓపీలోకి వస్తూనే ఉంది. రంజాన్ నెల చూడండి. షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకునే పెద్దాయన మీకు చెప్పకుండా రోజా ఉంటారు, మధ్యాహ్నానికి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. 'ఈసారి రోజా ఉంటారా చాచా' అని ముందే అడిగితే మాత్రల టైము తెల్లవారుజామున తినే సెహరీకి, సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్‌కి మార్చొచ్చు, డోసు తగ్గించొచ్చు, షుగర్ 70 కంటే పడిపోతే రోజా విడిచేయాలని చెప్పొచ్చు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లదీ ఇదే కథ. 41 రోజులు ఒంటిపూట భిక్ష, మాత్రలు మాత్రం పాత లెక్కే.

సర్జన్: అది వైద్యం, అది నేనూ అడుగుతాను. నేనంటున్నది మనసులో మాట గురించి.

కూతురు: సార్, నేను చెప్పొచ్చా? మా నాన్నగారికి మందులు వేస్తున్నా రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. రౌండ్స్‌కి వచ్చిన ప్రతివాళ్లూ 'నొప్పి పదికి ఎంత' అని అడిగేవాళ్లు, ఆయన ఎనిమిది అనేవారు, డోసు పెంచేవాళ్లు. ఒకరోజు ఒక జూనియర్ డాక్టరమ్మ మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుని 'పెద్దాయనా, మనసులో ఏం తిరుగుతోంది' అంది. అప్పుడు చెప్పారు, పొలం కాగితాల విషయంలో తమ్ముడికి అన్యాయం చేశాననీ, ఆ పాపమే గొంతులో గడ్డయి కూర్చుందనీ. మాకెవరికీ తెలీదు! బాబాయిని పిలిపించాం. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో కూడా నాకు తెలీదు, నేను బయటే ఉన్నాను. జబ్బు తగ్గలేదు. కానీ ఆ తర్వాత నొప్పి ఎంతంటే నాలుగు అనేవారు.

పాలియేటివ్ డాక్టర్: దీన్నే సిసిలీ సాండర్స్ 'టోటల్ పెయిన్' అన్నారు. నర్సుగా మొదలై, తర్వాత డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే చోటు, పెట్టిన మనిషి ఆవిడ. ఒంటి నొప్పి, ఇంటి దిగులు, చేసిన పాపం, చావు భయం అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఒక్కదానికే మందు వేస్తే లొంగదు. ఇంకో సంగతి. అమెరికాలో ఆసుపత్రిలో చేరిన 596 మంది పెద్దవయసువాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. దేవుడు నన్ను వదిలేశాడు అనుకున్నవాళ్లలో తర్వాతి రెండేళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. ఆ ఆలోచనే చంపిందని కాదు. కానీ విని ఊరుకునే మాటైతే కాదు.

యాంకర్: మరి ఎలా అడగాలి సిస్టర్? 'దేవుణ్ణి నమ్ముతారా' అనా?

నర్సు: అలా అస్సలు అడగొద్దండి, పరీక్ష పెట్టినట్టుంటుంది. 'ఇంత కష్టంలో మీకు ధైర్యం ఎక్కణ్నుంచి వస్తోంది' అంటే చాలు. ఒకాయన 'నాకు దేవుడూ లేడు దయ్యమూ లేదు, మనవరాలి ఫోన్ వస్తే చాలు' అన్నాడు. సరే, ఆ టైములో ఇంజెక్షన్లు పెట్టుకోలేదు. థియేటర్‌కి పంపేముందు తాయెత్తు తీయించాలి, లోహం ఉంటే కాటరీ, అదే రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం, వాడేటప్పుడు చర్మం కాలొచ్చు. కొందరు కత్తెరతో టక్కున కోసేస్తారు, ఆ పేషెంట్ మొహం చూడలేం. నేను కోయను. వాళ్లమ్మ చేతే ముడి విప్పించి, కవర్లో వేసి, పేరు రాసి ఆవిడకే ఇస్తాను, బయటికి రాగానే మళ్లీ మీరే కట్టండి అంటాను. రెండు నిమిషాల పని.

సర్జన్: రుద్దేవాళ్ల సంగతి చెప్పండి. ఒక ఆసుపత్రిలో ఐసీయూ బయట ఏడుస్తున్న కుటుంబంతో స్టాఫే 'మా దేవుడికి మొక్కండి, తగ్గిపోతుంది' అనడం నేను విన్నాను.

పాలియేటివ్ డాక్టర్: తప్పు, ఏ మతం వాళ్లన్నా తప్పే. రేపు తగ్గకపోతే నా భక్తి చాల్లేదేమో అని ఆ మనిషి కుమిలిపోతాడు. పూజారి కావాలన్నా, ఇమామ్ కావాలన్నా, పాస్టర్ కావాలన్నా వాళ్లనే పిలిపించాలి, ఆ పని మనం చేయకూడదు. రెడ్ హిల్స్‌లో కేన్సర్ వైద్యానికి వచ్చి, పక్కనే నాంపల్లి యూసుఫైన్ దర్గాకి వెళ్లొచ్చే హిందువులూ ఉంటారు. మందు ఆపనంతవరకూ మనకేం అడ్డు?

సర్జన్: ఆపితే?

పాలియేటివ్ డాక్టర్: ఆపారని మీకు తెలియాలి కదా సార్. తిడతామనే దాస్తారు.

సర్జన్: సరే, నా వార్డులో ఎవరడుగుతారు? నాకు టైము లేదు, అది నిజం.

నర్సు: అడ్మిషన్ రోజు మేమే అడుగుతాం సార్. ఉపవాసాలేంటి, ఒంటి మీంచి ఏం తీయొద్దంటున్నారు, అవసరమైతే ఎవర్ని పిలవాలి, కేస్ షీట్‌లో ఒక్క లైను రాస్తాం. రౌండ్స్‌లో మీరు అది చదవండి.

సర్జన్: పై పేజీలోనే రాయండి. లోపల ఎక్కడో రాస్తే నా కంటపడదు.